బొమ్మ చేతిలో ఈటె ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. వంశధార ఒడ్డున ఉన్న ఊరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉప్పు, బట్టలు అమ్మేవాడు. నేను 1996లో బొమ్మలు, ఫ్యాన్సీ సామాన్ల షాపు పెట్టాను. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర ఒడియా, సంత రోజున మా కొండల ఆదివాసీలైన సవరల మాట నాకు వచ్చినంత కాస్త. ఈ మూడింటితోనే నా బతుకు సాగుతోంది. పత్రికకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. భాషలో తప్పులుంటే దిద్దండి గానీ విషయం మాత్రం తగ్గించకండి.

పోయిన రథయాత్రకి ముందు ఎప్పటిలాగే సరుకు కోసం సిటీకి వెళ్లాను. రథయాత్ర అంటే గుణుపురంలో చాలా పెద్ద పండగ. కొండల మీద నుంచి, ఆంధ్ర వైపు నుంచి జనం వస్తారు. నా ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం ఆ రోజుల్లోనే జరుగుతుంది. హోల్‌సేల్ షాపులో కొత్త సరుకు వచ్చిందని ఒక ప్యాకెట్ చూపించారు. అట్ట మీద అతికించిన నలుగురు ప్లాస్టిక్ మనుషులు. పైన 'జంగ్లీ సెట్' అని పేరు. బొగ్గు లాంటి నలుపు, లావుపాటి ఎర్ర పెదాలు, జుట్టులో గుచ్చిన ఎముక, నడుముకి ఆకులు, చేతిలో ఈటె. మధ్యలో మంట మీద ఒక కుండ. డజను రేటు బాగుంది. మూడు డజన్లు కట్టించుకున్నాను. ఏమీ ఆలోచించలేదు. సరుకు ఎత్తేటప్పుడు నేను చూసేవి రేటు, ఐఎస్ఐ గుర్తు, విరిగిన సరుకు వాపసు తీసుకుంటారా లేదా అన్నవి మాత్రమే.

రథం లాగిన మర్నాడు సాయంత్రం షాపు నిండా జనం ఉన్నారు. పుట్టాసింగ్ వైపు పనిచేసే ఒక నర్సమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు సవరలు. ఆమె నాకు పదేళ్లుగా తెలుసు. మా అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే బీపీ చూసి వెళ్లేది ఆమే. పాపకి ఆరేళ్లుంటాయి. తిన్నగా వెళ్లి ఆ సెట్ వేలాడదీసిన చోట ఆగింది. పక్కనే మా వీధి కుర్రాడొకడు, ఏడెనిమిదేళ్ల వాడు, అలాంటి ప్యాకెట్టే చేతిలో పట్టుకుని ఉన్నాడు. పాప వాడిని తెలుగులోనే అడిగింది, "ఈళ్లెవరు?" అని. వాడు వెక్కిరించలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు, "సవరోళ్లు."

పాప వాళ్లమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత బొమ్మ కేసి చూసింది. మళ్లీ అమ్మ కేసి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

తల్లి ఆ ప్యాకెట్ తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసి కౌంటర్ మీద పెట్టింది. "సావుకారు గారూ, మా అమ్మ చేతిలో కొడవలి చూశానండి. చీపుర్లు కట్టే తాడు చూశాను. ఈటె ఎప్పుడూ చూడలేదు" అంది. కోపంగా అనలేదు. నాకు మాత్రం జవాబు రాలేదు. ఒక రబ్బరు బంతి కొని, డబ్బులిచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని జనంలోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి షట్టర్ దించాక లెక్క చూశాను. ముప్పై ఆరులో పదిహేడు అమ్ముడుపోయాయి. మిగిలిన పంతొమ్మిదీ గోనెసంచిలో వేసి పైన అటక మీద పెట్టాను. మర్నాడు హోల్‌సేల్ వాళ్లకి ఫోన్ చేస్తే, విరగని సరుకు వాపసు తీసుకోం అన్నారు. "పిల్లల బొమ్మలే కదా, ఇందులో తప్పేముంది?" అన్నారు. డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు. అమ్ముడుపోయిన ఆ పదిహేడు సెట్లూ మా ఊరి పదిహేడు ఇళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు బడిలో సవర పిల్లల పక్కనే కూర్చుంటారు.

మీ పాఠకుల్లో చాలామందికి సవరలు తెలియకపోవచ్చు. మా చుట్టూ కొండల్లో ఉండేవాళ్లు. మా వైపు వాళ్లని లాంజియా సవరలంటారు. ఒడియాలో లాంజ అంటే తోక. గోచీ కొస వెనకాల వేలాడేలా కట్టుకునేవారని బయటివాళ్లు పెట్టిన పేరు అది. అంటే పేరు పెట్టిన రోజు నుంచే వాళ్ల కట్టుబొట్టు మనకి వింతగా కనబడింది. వాళ్ల పని మాత్రం కనబడలేదు. ఏటవాలు కొండని మెట్లు మెట్లుగా చెక్కి, రాళ్లతో గట్లు పేర్చి, పై మడి నీళ్లు కింది మడిలోకి దిగేలా వరి పండిస్తారు. సిమెంటు చుక్క లేకుండా కట్టిన ఆ గోడలు వానాకాలం వరదకి తట్టుకుని నిలబడతాయి. మా ఊరి సంతకి వచ్చే చింతపండు, కందులు, చోళ్లు, పనసకాయలు, కొండచీపుర్లు వాళ్లు మోసుకొచ్చేవే. వాళ్లు కిందికి దిగని వారం మా బజారు బోసిపోతుంది.

ఇంకొక మాట చెప్పాలి. సవరలు ఇంటి గోడల మీద ముగ్గు లాంటి తెల్లటి గీతలతో బొమ్మలు వేస్తారు. ఇడితాల్ అంటారు. ఆంధ్రలో దాన్నే సవర చిత్రకళ అంటున్నారు. లాంజియా సవర చిత్రాలకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ గోడల దగ్గర నిలబడి చూస్తే చెట్లు, కోతులు, గుర్రాల మీద పెద్దలు కనబడతారు. వాటి మధ్యనే సైకిల్ తొక్కే మనిషి ఉంటాడు, ఒక్కోచోట విమానం కూడా ఉంటుంది. వాళ్లు తమ బొమ్మ తాము వేసుకుంటే అందులో సైకిలూ విమానమూ ఉన్నాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో వాళ్ల బొమ్మ చేసిన వాళ్లకి ఈటె, ఎముక తప్ప ఇంకేమీ తట్టలేదు. ఒడిశాలో 62 ఆదివాసీ తెగలున్నాయి. వాళ్ల భాషలు వేరు, నగలు వేరు, తిండి వేరు. ఆ సెట్‌లో నలుగురికీ ఒకే ముఖం.

మా అమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. మా నాయనమ్మ దగ్గర నుంచి వచ్చిన మట్టి బొమ్మలు. అందులో ఒక కొండ దంపతులు ఉండేవారు. ఆయన భుజాన కావడి, ఆమె నెత్తిన చింతపండు బుట్ట, చెవులకి గుండ్రటి చెక్క బిళ్లలు, నుదుటి మీద పచ్చబొట్టు గీత. ఆ బొమ్మలు చేసిన కుమ్మరి వాళ్లని ప్రతి వారం సంతలో చూసినవాడు. అందుకే శెట్టి దంపతులకి ఎలాంటి కళ్లు పెట్టాడో వాళ్లకీ అలాంటి కళ్లే పెట్టాడు. పెదాల మీద అదే చిన్న నవ్వు. వాళ్ల వేషం దాచలేదు, అలాగని వాళ్లని జంతువుల్లా చూపించనూ లేదు. మొన్న ఆ బొమ్మలు దించి చూసుకున్నాను. ఆమె ఎడమ చెయ్యి విరిగింది గానీ ముఖం చెక్కు చెదరలేదు.

అయితే నిజం చెప్పాలి. ఆ దంపతులని మేము ఎప్పుడూ కింది మెట్టు మీదే పెట్టేవాళ్లం. చిన్నప్పుడు అమ్మని అడిగితే, "దేవుళ్లు పైన, మనుషులు కింద నాయనా" అంది. కానీ శెట్టి దంపతులు కూడా మనుషులే కదా, వాళ్లు మాత్రం రెండో మెట్టు మీద కూర్చునేవారు. అప్పట్లో ఆ తేడా నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ప్లాస్టిక్ ఫ్యాక్టరీని తిట్టే ముందు మా ఇంటి కొలువు సంగతి నేను ఒప్పుకోవాలి.

మా అమ్మాయి బరంపురంలో బీఎడ్ చదువుతోంది. ఫోనులో ఈ సంగతి చెబితే తను చదువుకున్న ఒక విషయం చెప్పింది. అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు ఉండేవారట. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు. 1940ల్లో మూడు నుంచి ఏడేళ్ల లోపు నల్లజాతి పిల్లల ముందు రంగు ఒక్కటే తేడాగా ఉన్న బొమ్మలు పెట్టి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది, నీకు ఏది కావాలి అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్ల బొమ్మే మంచిదన్నారు. నల్లది చెడ్డదన్నారు. చివరికి "నీలా ఉన్న బొమ్మ ఏది?" అని అడిగారు. అంతకుముందే నల్ల బొమ్మని చెడ్డదన్న పిల్లలు అప్పుడు దాన్నే చూపించాల్సి వచ్చింది. కొందరు ఏడ్చారట, కొందరు గదిలోంచి బయటికి వెళ్లిపోయారట. 1954లో తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు వేరు బళ్లు ఉండకూడదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు ఈ పరిశోధనని కూడా లెక్కలోకి తీసుకుంది. మా అమ్మాయి ఇది చెబుతున్నంతసేపూ నాకు మా షాపులో ఆ పాప చూపే గుర్తొచ్చింది.

నేను బొమ్మల వ్యాపారిని కాబట్టి తను చెప్పిన ఇంకో ముక్క నాకు బాగా ఎక్కింది. బార్బీ 1959లో వచ్చింది. ఆ కంపెనీ 1967లో ఒక నల్ల బొమ్మని తెచ్చింది. కానీ తెల్ల బొమ్మకి వాడిన తల అచ్చునే వాడి ప్లాస్టిక్ రంగు మాత్రం మార్చింది. బార్బీ అనే పేరుతోనే నల్ల బొమ్మ రావడానికి 1980 దాకా పట్టింది. అచ్చు చేయించాలంటే డబ్బు అవుతుంది. అందుకని ఉన్న అచ్చుకే రంగు పూస్తారు. మా సరుకులో ఇది నేను రోజూ చూసేదే. ఆ జంగ్లీ సెట్‌లో ఈటె పట్టుకున్నవాడి కాళ్లు, నడుము, భుజాలు చూస్తే, నా దగ్గరే ఉన్న సిపాయిల సెట్‌లో తుపాకీ పట్టుకున్నవాడివే. టోపీ తీసేసి ఎముక పెట్టారు. ఇన్నేళ్లలో అచ్చులు చేసేవాళ్లెవరూ మా కొండల కేసి వచ్చి ఒక మనిషిని చూసి వెళ్లినట్టు లేదు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. మంచి పనే. రంగులో సీసం ఎంత ఉంది, అంచు కోసుకుంటుందా, చిన్న ముక్క ఊడి పిల్లాడి గొంతుకి అడ్డం పడుతుందా అని చూస్తారు. బొమ్మ ఎవరిని చూపిస్తోంది, ఎలా చూపిస్తోంది అని మాత్రం ఎవరూ చూడరు. నా దగ్గరికి వచ్చిన ఆ ప్యాకెట్ మీద కూడా ఐఎస్ఐ గుర్తు ఉంది. సీసం ఒంట్లోకి పోతే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఈటె పట్టుకున్న ఆ బొమ్మ ఆరేళ్ల పాప లోపల ఏం చేస్తుందో ఏ పరీక్షలో తెలుస్తుంది? ఫలానా జనం అని చెప్పే బొమ్మ తయారు చేస్తే, ఆ జనంలో చదువుకున్నవాళ్లు ఇద్దరికైనా చూపించి సరేననిపించుకోవాలన్న నియమం పెట్టమని కోరుతున్నాను. సవరల్లో టీచర్లున్నారు, నర్సులున్నారు, ప్రభుత్వ ఉద్యోగులున్నారు. మా ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో సంతాల్ ఆదివాసీ ఇంట పుట్టిన ద్రౌపది ముర్ము గారు 2022లో ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యారు. అడగడానికి మనుషులు లేరని ఎవరూ అనలేరు.

బడుల సంగతి కూడా చెప్పాలి. ఏటా పంద్రాగస్టుకి, బాలల దినోత్సవానికి ఫ్యాన్సీ డ్రెస్ పోటీలు పెడతారు. తల్లిదండ్రులు నా షాపుకి వచ్చి, "ఆదివాసీ వేషానికి ఏమున్నాయండీ?" అని అడుగుతారు. ఈకలు, ప్లాస్టిక్ విల్లు, నల్లరంగు నేనే అమ్మాను. ఒక ఏడు మా వైపు ఒక బడిలో ఒంటికి మసి పూసుకుని, మామిడాకులు కట్టుకుని, 'హో హో' అని గెంతిన బాబుకి మొదటి బహుమతి ఇచ్చారు. అదే వరసలో పోలీసు డ్రెస్ వేసుకుని సెల్యూట్ కొట్టిన ఒక సవర బాబు నిలబడి ఉన్నాడు. వాడి డ్రెస్ కూడా నా షాపులోదే. వాళ్ల నాన్న బెల్టు కోసం రెండుసార్లు తిరిగాడు. వాడికి ఏమీ రాలేదు. పక్కవాడు గెంతుతుంటే జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తన గురించేనని వాడికి తెలిసే ఉంటుంది. ఈ ఏడు నుంచి ఆ సామాను అమ్మడం మానేశాను. అడిగినవాళ్లకి కారణం చెబుతున్నాను. ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు. ఒకాయన విసుక్కుని పక్క షాపుకి వెళ్లాడు.

తెలుగువాళ్లకి ఈ నొప్పి తెలియదా? మా అబ్బాయి చదువు కోసం ఉత్తరాదికి వెళ్తే హాస్టల్లో మొదటి రోజు నుంచే 'మద్రాసీ' అన్నారు. లుంగీ ఎక్కడ, ఇడ్లీ ఎక్కడ అని ఒకటే గోల. తెలుగు వేరు, తమిళం వేరు అని వాడు చెప్పి చెప్పి అలసిపోయాడు. ఫోనులో నాతో చెప్పుకుని బాధపడ్డాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. మరి అలాంటి పనే మా షాపులో డజను లెక్కన అమ్మాను కదా.

ఇక రంగు సంగతి. ఇన్నేళ్లలో నా షాపుకి చామనఛాయ ఆడపిల్ల బొమ్మ, మామూలు గౌను వేసుకున్నది, ఒక్కటి కూడా రాలేదు. నలుపు అంటే ఈటె పట్టుకున్నదో, దెయ్యమో, దిష్టిబొమ్మో. హోల్‌సేల్‌లో అడిగితే, "నల్లది పోదండీ" అంటారు. రానిదే పోతుందో పోదో ఎలా తెలుస్తుంది? సవరల సంగతి అలా ఉంచండి, మా తెలుగు ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు బొమ్మలంత తెల్లగా ఉన్నారు? మా మేనకోడలు చిన్నప్పుడు బొమ్మకి పౌడర్ రాసి, తనకీ రాసుకుని, "నేనెందుకు ఇలా లేను మామయ్యా?" అని నన్ను అడిగింది. నేను నవ్వేసి ఒక చాక్లెట్ ఇచ్చాను. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది.

ఆగస్టు 29 వస్తోంది. తెలుగు భాషా దినోత్సవం అని గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండలు వేస్తారు. మీ పత్రికలోనూ వ్యాసాలు వస్తాయి. వాడుక భాష గురించే అందరూ రాస్తారు. పంతులు గారు మా రైలు లైనులోనే ఉన్న పర్లాకిమిడిలో పంతులు పని చేశారు. సవరల మాట నేర్చుకోవాలని ఒక సవరని ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పించుకున్నారు. వాళ్ల పాటలు, కథలు రాసి అచ్చు వేయించారు, వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టారు, 1931లో సవర భాషకి వ్యాకరణం తెచ్చారు, నిఘంటువులు కూర్చారు. ఆ రోజుల్లో ఒక తెలుగు బ్రాహ్మణుడు సవర మనిషిని గురువుగా కూర్చోబెట్టుకోవడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఈ ఆగస్టు 29కి మీ పిల్లల పేజీలో ఆ సంగతి వెయ్యండి. దాంతోపాటు ఇంకో చిన్న కోరిక. పిల్లల పేజీ కథలకి వేసే బొమ్మల్లో కొండమనిషి అనగానే ఈకలు, ఈటె వేయవద్దని మీ ఆర్టిస్టులకి చెప్పండి. కొన్ని నెలల కింద అలాంటిదొకటి వచ్చింది, కత్తిరించి దాచాను.

వేషం మార్చేసి అందరినీ ఒకేలా చేయమని నేను అడగడం లేదు. చెవిలో చెక్క బిళ్లలతో, పచ్చబొట్టుతో ముసలమ్మ బొమ్మ చేస్తే సంతోషంగా అమ్ముతాను. సవర పాప దాన్ని చూసి "మా అమ్మమ్మ" అనాలి, అంతే. ఆ పక్కన నర్సు తెల్లకోటు వేసుకున్న కూతురి బొమ్మ ఉండాలి, బడి సంచితో మనవరాలి బొమ్మ ఉండాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లక్క రంగులతో తిప్పి మనుషుల్ని చేసే పనివాళ్లున్నారు. కొండపల్లిలో తెల్లపొణికితో తాటి చెట్టు ఎక్కే గీతకార్మికుడిని కూడా ముద్దుగా చేస్తారు. మా పర్లాకిమిడిలో గేదె కొమ్ముని సానబెట్టి కొంగలు, రొయ్యలు చేసే చేతులున్నాయి. వీళ్లని ఒకసారి పుట్టాసింగ్ కొండల మీదికి తీసుకెళ్లి, నాలుగు రోజులు అక్కడ ఉంచి, అక్కడివాళ్లతో మాట్లాడనిచ్చి, తర్వాత బొమ్మలు చేయమంటే ఎంత బాగుంటుంది! రెండు రాష్ట్రాల హస్తకళల శాఖలూ తలుచుకుంటే జరగని పని కాదు.

నా చేతిలో ఉన్నంత వరకు నేను ఒకటి చేశాను. మా వీధి చివర మిషను కుట్టే ఆవిడతో గోధుమ రంగు, కాఫీ రంగు గుడ్డలతో పన్నెండు బొమ్మలు కుట్టించాను. ఆరింటికి నర్సు కోటు, ఆరింటికి బడి యూనిఫాం. ముఖం ఎలా ఉండాలో నర్సమ్మని అడిగాను. ఆమె కాగితం మీద గీసి ఇచ్చింది. "కళ్లు పెద్దవి పెట్టకండి సావుకారు గారూ, మావి ఇలాగే ఉంటాయి" అంది. ఒక్కోటి నూట ఇరవైకి పెట్టాను. ఏడు పోయాయి. కొన్నవాళ్లలో నలుగురు తెలుగువాళ్లే. ఎనిమిదోది ఆ పాపకి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. పాప దాని కోటు విప్పి, మళ్లీ తొడిగి, చంకలో పెట్టుకుని వెళ్లింది.

ఇలాంటి బొమ్మలు కర్రతో గానీ గుడ్డతో గానీ చేసి ఇవ్వగలిగిన పనివాళ్లు మీ పాఠకుల్లో ఉంటే పత్రిక ద్వారా తెలియజేయండి. దసరాకి సరుకు ఎత్తడం వినాయక చవితి తర్వాత మొదలుపెడతాను. మొదటి విడతగా ఒక గ్రోసు, అంటే పన్నెండు డజన్లు, తీసుకుంటాను. సగం డబ్బు ముందే పంపుతాను.

ఇట్లు,
ఒక బొమ్మల షాపు యజమాని,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా